ఊరు దాటిన రోగి ఎవరి లెక్క?

మంత్రాలయం నుంచి రాయచూరు పోయే రోడ్డులో మాధవరం దాటితే తుంగభద్ర మీద వంతెన వస్తుంది. అవతల కర్ణాటక. మాధవరం వాళ్లకు తమ జిల్లా కేంద్రమైన కర్నూలు కంటే రాయచూరే దగ్గర. అందుకే ఒంట్లో బాగోలేకపోతే చాలామంది రాయచూరుకే పోతారు. రాయచూరు, బళ్లారి వైపు నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి వచ్చేవాళ్లూ ఉన్నారు. తెలంగాణలోని గద్వాల, అలంపురం జనానికైతే ఆ ఆసుపత్రి ఏనాటి నుంచో దిక్కు. ఈ రాకపోకలను ఎవరూ వలస అనరు, అక్రమం అంతకన్నా అనరు. మనుషులు దగ్గరున్న డాక్టరు దగ్గరికి పోతున్నారు, అంతే.

ఇదే ప్రయాణం ఒక దేశపు సరిహద్దు మీదుగా, చేతిలో సరైన కాగితం లేకుండా జరిగితే దాని పేరు మారిపోతుంది. "అక్రమంగా వచ్చినవాళ్లు మన ఆసుపత్రులను నింపేస్తున్నారు, మన పన్నుల డబ్బుతో మందులు తీసుకుంటున్నారు" అన్న మాట అమెరికాలో, ఐరోపాలో ఎన్నికల మీద ఎన్నికలను నడిపిస్తోంది. మన దేశంలోనూ ఆ మాట తరచుగా వినబడుతోంది. ఆసుపత్రి వరండాలో పడక దొరక్క చాప మీద పడుకున్న రోగి బంధువుకు ఆ మాట నిజమనిపిస్తుంది. కాబట్టి దాన్ని కొట్టిపారేయకూడదు. ఓపికగా లెక్క తీసి చూడాలి.

అలా చూడడానికి పశ్చిమ కర్నూలు తగిన చోటు. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి, కౌతాళం పల్లెలకు ఈ ప్రశ్న రెండు వైపులా తెలుసు. బయటి రోగులు తమ జిల్లా ఆసుపత్రికి రావడం ఇక్కడివాళ్లు చూస్తున్నారు. ఏటా సుగ్గి అనే కూలి వలసలో ఊళ్లు వదిలిపోయి, వేరేచోట తామే బయటివాళ్లు కావడమూ అనుభవిస్తున్నారు.

గీతలు ఎప్పుడు వచ్చాయి

ముందు సరిహద్దుల వయసెంతో చూద్దాం. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని, ఆలూరు తాలూకాలు బళ్లారి జిల్లాలోనే ఉండేవి. ఆ రోజున బళ్లారి మైసూరు వైపు పోయింది, ఆదోని ఆంధ్ర వైపు వచ్చింది. రాయచూరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. అలంపురం, గద్వాల కూడా అంతే. ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఆ రెండు ప్రాంతాలూ 2014 జూన్ 2న మళ్లీ వేరే రాష్ట్రంలోకి పోయాయి. అంటే ఒక్క మనిషి జీవితకాలంలోనే ఇక్కడి గీతలు మూడుసార్లు మారాయి. ఈ ప్రాంతపు పెళ్లి సంబంధాలు, పత్తి బేరాలు, ఆసుపత్రి దారులు మాత్రం చాలావరకు పాత బాటల్లోనే ఉన్నాయి.

గీతల అవసరం లేదని దీని అర్థం కాదు. బడ్జెట్ వేయాలంటే, డాక్టర్లను నియమించాలంటే, మందులకు ఇండెంటు పెట్టాలంటే ఎవరి బాధ్యత ఎంతవరకో తేలాలి. గీత పని అది. డబ్బు ఎవరు కట్టాలో చెప్పడం వరకే దాని అధికారం. ఎవరికి వైద్యం అందాలో కూడా అదే నిర్ణయించడం మొదలుపెడితే ఏమవుతుందో కర్నూలు జిల్లా 2021లో కళ్లారా చూసింది.

పుల్లూరు టోల్‌గేట్ దగ్గర

2021 మే రెండో వారం. కరోనా రెండో అల ఉధృతంగా ఉంది. కర్నూలు నుంచి హైదరాబాదు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద, తుంగభద్ర దాటాక పుల్లూరు టోల్‌ప్లాజా వస్తుంది. అక్కడ తెలంగాణ పోలీసులు ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చే అంబులెన్సులను ఆపారు. హైదరాబాదులో ఫలానా ఆసుపత్రిలో పడక ఖాయమైందని కాగితం చూపితేనే వదిలారు. లోపల ఆక్సిజన్ మీద ఉన్న రోగి, బయట ఫోన్లు పట్టుకుని ఆసుపత్రులను బతిమాలుతున్న బంధువులు. ఆ రోజుల్లో సరిహద్దు దగ్గర అంబులెన్సుల్లోనే ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

తెలంగాణ ప్రభుత్వం వాదనను కూడా న్యాయంగా వినాలి. హైదరాబాదు ఆసుపత్రులకు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి రోగులు పెద్దసంఖ్యలో వస్తున్నారు. ఆక్సిజన్, రెమిడెసివిర్ కేటాయింపులు మాత్రం రాష్ట్ర జనాభాను బట్టి, రాష్ట్రంలోని కేసులను బట్టి వస్తున్నాయి. పడక ఖాయం కాకుండా వచ్చిన రోగి ఆసుపత్రుల చుట్టూ తిరుగుతూ చనిపోయే ప్రమాదం కూడా నిజమే. ఆ ఆందోళనలో తప్పు లేదు. దానికి ఎంచుకున్న పరిష్కారంలోనే తప్పుంది. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఆంక్షల అమలును నిలిపివేసింది. హైదరాబాదు అప్పటికి చట్టప్రకారం రెండు రాష్ట్రాల ఉమ్మడి రాజధాని. అలా కాకపోయినా, ఒకే దేశంలో ప్రాణాపాయంలో ఉన్న మనిషిని రోడ్డు మీద ఆపే అధికారం ఒక రాష్ట్రానికి ఎక్కడి నుంచి వస్తుంది?

పుల్లూరులో ఆగిపోయినవాళ్లందరూ భారత పౌరులు. ఆధార్ ఉంది, ఓటు ఉంది. అయినా ఆ కొద్ది రోజులు వాళ్లు అక్రమంగా వచ్చినవాళ్లలాగానే నిలబడాల్సి వచ్చింది. కొరత వచ్చినప్పుడు "మనవాళ్లు" అనే మాట ఎంత వేగంగా చిన్నదైపోతుందో అప్పుడు తెలిసింది. దేశం అని మొదలైన గీత రాష్ట్రం దగ్గరికి, రాష్ట్రం నుంచి జిల్లా దగ్గరికి, చివరికి వార్డు దగ్గరికి జరిగిపోగలదు.

మనిషి అక్రమం ఎలా అవుతాడు

అక్రమ వలస అనగానే రాత్రిపూట కంచె దూకే మనిషి కళ్లముందు మెదులుతాడు. అలాంటివాళ్లు ఉన్నారు. అయితే తెలుగువాళ్లకు బాగా తెలిసిన అక్రమం వేరే రకం. సరైన వీసాతో, దర్జాగా విమానమెక్కి పోయినవాళ్లే తర్వాత కాగితం పోగొట్టుకుంటారు.

కువైట్‌నే తీసుకోండి. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి వేలమంది, ముఖ్యంగా ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, అక్కడికి పోయారు. అక్కడ నివాసానుమతి యజమాని చేతిలో ఉంటుంది. జీతం ఇవ్వలేదనో, కొడుతున్నారనో ఆ ఇంటి నుంచి బయటికొస్తే, పారిపోయిందని యజమాని ఫిర్యాదు ఇస్తాడు. ఆ క్షణం నుంచి ఆమె అక్రమ నివాసి. గల్ఫ్‌లో మనవాళ్లు దీన్ని ఖల్లివల్లి కావడం అంటారు. 2018లో జనవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తే అలాంటి తెలుగువాళ్లు చాలామంది ఇల్లు చేరారు. 2024లోనూ మరోసారి అవకాశం ఇచ్చింది. కాగితం లేని ఆ మధ్యకాలంలో జ్వరం వచ్చినా, కడుపు నొప్పి వచ్చినా వాళ్లు ఆసుపత్రికి పోవడానికి జంకుతారు. అక్కడ సివిల్ ఐడీ అడుగుతారు. లేదంటే విషయం పోలీసులదాకా పోతుందేమోనని భయం. తెలిసినవాళ్ల దగ్గర మాత్రలు తీసుకుని నెట్టుకొస్తారు.

అమెరికాలోనూ ఇలాంటిదే జరిగింది. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. అది అమెరికా వలస అధికారులే వలగా పన్నిన బూటకపు యూనివర్సిటీ. మొదట అరెస్టయిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో తెలుగు పిల్లలు చాలామంది. తప్పెంత, మోసపోవడమెంత అన్నది వేరే చర్చ. నిన్నటిదాకా చదువుకుంటున్న పిల్లవాడు ఒక్క ఉదయంతో అక్రమ వలసదారుడు కాగలడని మన ఇళ్లకు అప్పుడు అర్థమైంది.

ఇక మన గడ్డమీదికి వచ్చినవాళ్లు. హైదరాబాదు శివార్లలోని బాలాపూర్ చుట్టుపక్కల మయన్మార్ నుంచి ప్రాణభయంతో పారిపోయి వచ్చిన రోహింగ్యాలు కొన్నివేలమంది గుడిసెల్లో ఉంటున్నారు. చాలామంది దగ్గర ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు ఉంది. కానీ 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు. కాబట్టి మన చట్టం దృష్టిలో వాళ్లు అనుమతి లేని విదేశీయులు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చూపించుకోగలరు. ఆధార్‌తో, రేషన్ కార్డుతో ముడిపడిన పథకాలు మాత్రం వాళ్లకు అందవు. పెద్ద ఆపరేషన్ అవసరమైతే దారి మూసుకుపోతుంది.

భారం ఎంత, ఎక్కడ

ఇప్పుడు అసలు ప్రశ్న. కాగితం లేనివాళ్ల వల్ల ప్రజావైద్యం మీద భారం పడుతుందా? పడుతుంది. ఏ మనిషికి వైద్యం చేసినా ఖర్చవుతుంది. ఆ భారం ఎంత, ఎక్కడ పడుతోంది, దేనివల్ల పెరుగుతోంది అన్నవి విడివిడిగా చూడాలి.

మొదట, ఎంత? వలసపోయేవాళ్లు ఎక్కువగా వయసులో ఉన్నవాళ్లు, కష్టం చేయగలవాళ్లు. ముసలివాళ్లు, మంచానపడ్డవాళ్లు ఊళ్లోనే మిగిలిపోతారు. అందువల్ల వలసదారుల వైద్య వాడకం సహజంగానే తక్కువ. వలస, ఆరోగ్యాల మీద లాన్సెట్ పత్రిక, లండన్ యూనివర్సిటీ కాలేజీ కలిసి వేసిన కమిషన్ 2018లో నివేదిక ఇచ్చింది. సంపన్న దేశాలకు పోయిన వలసదారుల్లో మరణాల రేటు స్థానికుల కంటే తక్కువగా ఉందనీ, వాళ్ల వల్ల స్థానికులకు రోగాలు వ్యాపించే ప్రమాదం సాధారణంగా తక్కువేననీ అందులో తేలింది. అమెరికాలో పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ అక్రమ వలసదారులకు మామూలుగా వర్తించదు. అత్యవసర వైద్యానికి మాత్రం ఆసుపత్రులకు కొంత డబ్బు తిరిగి వస్తుంది. ఆ ఖర్చు మొత్తం మెడికెయిడ్ ఖర్చులో 1 శాతానికి లోపే. ఇంకోవైపు, ఆ దేశంలో కాగితాలు లేనివాళ్లు 2022లో దాదాపు 9,670 కోట్ల డాలర్ల పన్నులు కట్టారని ఐటీఈపీ అనే అధ్యయన సంస్థ లెక్కగట్టింది.

రెండోది, ఎక్కడ? ఫిర్యాదులో అసలైన నిజం ఇక్కడ ఉంది. దేశం మొత్తం మీద చూస్తే ఖర్చు చిన్నదే కావచ్చు. కానీ అది అన్ని ఆసుపత్రుల మీద సమానంగా పడదు. సరిహద్దు పట్టణంలోని ఒక ఆసుపత్రి మీద, ఒక కాన్పుల వార్డు మీద, ఒక క్యాజువాల్టీ మీద పడుతుంది. అమెరికాలో 1986లో వచ్చిన చట్టం ప్రకారం అత్యవసర విభాగానికి వచ్చిన ఎవరినైనా, కాగితం అడగకుండా, డబ్బు అడగకుండా నిలకడ స్థితికి తేవాలి. మంచి చట్టమే. ఆ ఖర్చు ఎవరు పూర్తిగా తీరుస్తారో మాత్రం ఆ చట్టం తేల్చలేదు. టెక్సాస్ సరిహద్దు ఆసుపత్రుల గోడు అదే. కర్నూలు పెద్దాసుపత్రి సమస్య కూడా ఈ కోవలోదే. మూడు రాష్ట్రాల రోగులు వస్తారు, బడ్జెట్ ఒక్క రాష్ట్రం నుంచి వస్తుంది. అక్కడ పనిచేసే డాక్టరుకు, నర్సుకు, తన వంతు కోసం నిలబడిన స్థానిక రోగికి ఒత్తిడి నిజంగానే తగులుతుంది. వాళ్లను సంకుచితులని నిందించడం అన్యాయం.

మూడోది, ఈ ఖర్చు దేనివల్ల పెరుగుతోంది? జర్మనీ అనుభవం దీనికి స్పష్టమైన సమాధానం ఇస్తుంది. 1993లో ఆ దేశం ఆశ్రయం కోరి వచ్చినవాళ్లకు వైద్యాన్ని పరిమితం చేస్తూ చట్టం తెచ్చింది. ఆంక్షలున్న కాలంలో తీవ్రమైన జబ్బులకు, నొప్పికి, కాన్పులకు తప్ప మిగతావాటికి వైద్యం దొరకడం కష్టం. ఖర్చు తగ్గించడమే ఉద్దేశం. 1994 నుంచి 2013 వరకు లెక్కలను పరిశోధకులు బోజొర్గ్‌మెహర్, రాజుమ్ 2015లో ప్రచురించారు. ఆంక్షలున్నవాళ్ల మీద తలసరి ఖర్చు, ఆంక్షలు లేనివాళ్ల కంటే దాదాపు 40 శాతం ఎక్కువగా తేలింది. ఏడాదికి తలకు సుమారు 376 యూరోలు అదనం. రక్తపోటు మాత్ర ఇవ్వకపోతే ఆ మనిషి పక్షవాతంతో వస్తాడు. మాత్ర ఖర్చు మిగిలింది, ఐసీయూ ఖర్చు వచ్చిపడింది.

స్పెయిన్ ఇంకో దారిలో ఇదే పాఠం నేర్చుకుంది. ఆర్థిక సంక్షోభంలో 2012లో ఒక డిక్రీతో కాగితాలు లేనివాళ్లకు మామూలు వైద్యం ఆపేసింది. పిల్లలకు, గర్భిణులకు, అత్యవసరానికి మినహాయింపు ఇచ్చింది. డాక్టర్లే దాన్ని వ్యతిరేకించారు, కొన్ని ప్రాంతీయ ప్రభుత్వాలు అమలు చేయబోమన్నాయి. 2018లో స్పెయిన్ ఆ హక్కును తిరిగి ఇచ్చింది.

ఈ మూడూ కలిపి చూస్తే ఒక విషయం తేలుతుంది. బయటి మనిషి వైద్యం చేయించుకోవడం వల్ల అయ్యే ఖర్చు కంటే, భయంతోనో కార్డు లేకనో ఆలస్యంగా రావడం వల్ల అయ్యే ఖర్చే ఎక్కువ. ఆలస్యమైతే ఆ మనిషి నష్టపోతాడు, ఆసుపత్రి నష్టపోతుంది, పక్క మంచం మీది స్థానిక రోగి కూడా నష్టపోతాడు.

సుగ్గిలో ఏం జరుగుతుంది

ఇదంతా దూరదేశాల మాట అనుకునేవాళ్లు ఒకసారి సుగ్గి కాలంలో కోసిగి రైల్వే స్టేషన్‌కో, పెద్దకడబూరు, కౌతాళం బస్టాండ్లకో రావాలి. పక్కనే తుంగభద్ర పారుతున్నా, దిగువ కాలువ ఉన్నా ఇక్కడి భూమిలో ఎక్కువ భాగం వానను నమ్ముకున్నదే. ఖరీఫ్ దెబ్బతింటే దసరా, దీపావళి అయ్యాక కుటుంబాలకు కుటుంబాలు కదులుతాయి. కొందరు గుంటూరు, పల్నాడు మిరప చేలకు, కొందరు తెలంగాణ పత్తి చేలకు, మరికొందరు బెంగళూరు, హైదరాబాదుల్లో భవనాల పనికి. మేస్త్రి అడ్వాన్సు ఇస్తాడు, లారీయో బొలెరోయో మాట్లాడతాడు. ఇళ్లకు తాళాలు పడతాయి. ముసలివాళ్లు మిగులుతారు. బడి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు పెట్టినా, చాలామంది పిల్లలు తల్లిదండ్రుల వెంటే పోతారు. ఉగాదికో, ఆ తర్వాతో తిరిగి వస్తారు.

ఆ నాలుగైదు నెలల్లో ఆరోగ్యం సంగతి చూడండి. క్షయ రోగి సంగతి మొదట. మామూలు క్షయకు ఆరు నెలలు మందు వాడాలి. సగంలో మానేస్తే మందులకు లొంగని క్షయగా ముదిరే ప్రమాదం ఉంది. దాని చికిత్స కష్టం, ఖర్చు చాలా రెట్లు. నిక్షయ్ పోర్టల్‌లో నమోదైన రోగి దేశంలో ఎక్కడికి పోయినా అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో మందు తీసుకోవచ్చు. 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన పోషణ సాయాన్ని 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలు చేశారు. ఏర్పాటు బాగుంది. కానీ చేను గట్టున గుడారంలో ఉన్న మనిషికి ఆ ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఎక్కడో తెలియదు. ఒకపూట పని మానుకుని పోతే కూలి పోతుంది. పైగా దగ్గుతున్నట్టు తెలిస్తే మేస్త్రి పని నుంచి తీసేస్తాడేమోనని భయం.

గర్భిణి సంగతి రెండోది. ఊళ్లో ఉంటే ఆశ కార్యకర్త ఇంటికి వస్తుంది, ఏఎన్‌ఎం రక్తం పరీక్ష చేస్తుంది, అంగన్‌వాడీ నుంచి గుడ్లు, పాలు వస్తాయి. చేనికి పోయాక ఈ గొలుసు తెగుతుంది. రక్తహీనత ముందే ఎక్కువగా ఉన్న ప్రాంతం ఇది. నొప్పులు మొదలయ్యాక అక్కడి ఆసుపత్రికి పోతే, "ఏ ఊరమ్మా మీది? కార్డేది? ఇన్నాళ్లూ ఎక్కడ చూపించుకున్నావు?" అని అడుగుతారు. ఆ నర్సు ప్రశ్నలో తప్పు లేదు. పాత పరీక్షల వివరం లేకుండా కాన్పు చేయడం ఆమెకూ ప్రమాదమే. తల్లీబిడ్డల కార్డు ఊళ్లో పెట్టెలో ఉండిపోయింది. 6, 10, 14 వారాలకు వేయాల్సిన టీకాలు కూడా ఇలాగే జారిపోతాయి.

పోలియో విషయంలో మనదేశం ఈ చిక్కును విప్పగలిగింది. ఇటుక బట్టీలు, నిర్మాణ స్థలాలు, సంచార గుడారాలు ఎక్కడున్నాయో జాబితాలు రాసుకుని, రైల్వే స్టేషన్లలో, బస్టాండ్లలో చుక్కలు వేశారు. పిల్లవాడిది ఏ రాష్ట్రమని అడగలేదు. 2011 జనవరి 13 తర్వాత సహజ (వైల్డ్) పోలియో వైరస్ కొత్త కేసు లేదు. 2014 మార్చి 27న పోలియో లేని దేశంగా ప్రకటన వచ్చింది. కరోనా టీకాలప్పుడు కూడా 2021 మే 6న కేంద్రం గుర్తింపు కార్డు లేనివాళ్లకు టీకా వేసే పద్ధతిని ప్రకటించింది. అంటురోగం వచ్చినప్పుడు కార్డు అడగడం ఎంత అనవసరమో ప్రభుత్వానికి తెలుసు. మిగతా రోజుల్లో కూడా అదే తెలివి కావాలి.

చట్టం ఏమంటోంది

మన సుప్రీంకోర్టు ఈ విషయంలో స్పష్టంగా మాట్లాడింది. ప్రమాదంలో ఉన్న మనిషికి ప్రాథమిక చికిత్స చేయడం ప్రతి డాక్టరు బాధ్యత అనీ, పోలీసు లాంఛనాల కోసం ఆగకూడదనీ 1989లో పర్మానంద్ కటారా కేసులో చెప్పింది. 1992లో బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకల్లేవని తిప్పిపంపాయి. పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి పేరుతో నడిచిన ఆ కేసులో 1996లో తీర్పు వచ్చింది. సకాలంలో వైద్యం అందించకపోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణాన్ని ఉల్లంఘించడమేననీ, డబ్బు లేదన్నది సాకు కాదనీ కోర్టు తేల్చింది. ఆ అధికరణం పౌరులకే పరిమితం కాదు, దేశంలో ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుంది. అరుణాచల్‌లోని చక్మా శరణార్థుల కేసులో అదే ఏడాది సుప్రీంకోర్టు ఆ సంగతిని గట్టిగా చెప్పింది. కాబట్టి బాలాపూర్ గుడిసెలో ఉన్న మనిషిని దేశంలో ఉండనివ్వాలా వద్దా అన్నది ప్రభుత్వం తేల్చవచ్చు. ప్రాణం మీదికొచ్చినప్పుడు వైద్యం నిరాకరించే వీలు మాత్రం లేదు.

కూలీల చట్టంలో మాత్రం పెద్ద ఖాళీ ఉంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ప్రకారం, కూలీలకు ఉచిత వైద్య సదుపాయం కాంట్రాక్టరు కల్పించాల్సి ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ అమల్లోకి వచ్చింది. రెండూ అంతర్రాష్ట్ర వలసనే ప్రత్యేకంగా గుర్తిస్తాయి. మాధవరం నుంచి వంతెన దాటి రాయచూరు పోయినవాడు వలస కార్మికుడు. వందల కిలోమీటర్లు పోయి గుంటూరు మిరప చేలో పనిచేసేవాడు రాష్ట్రం దాటలేదు కాబట్టి ఆ లెక్కలోకి రాడు. పాత చట్టం వర్తించడానికి కనీసం ఐదుగురు కూలీలు ఉండాల్సి వచ్చేది, కొత్త కోడ్‌కు పదిమంది ఉండాలి. మేస్త్రి నోటిమాట మీద నడిచే సుగ్గిలో ఈ లెక్క చూపించేవాడెవరు?

ఇంకో లెక్క కూడా మనవాళ్లను దాటిపోతోంది. 2011లో జనాభా లెక్కలు ఫిబ్రవరిలో తీశారు. రాబోయే లెక్కింపు కూడా 2027 ఫిబ్రవరిలోనే. అది మిరప కోతల కాలం. లెక్క తీసే రోజులన్నీ ఊళ్లో లేనివాళ్లను ఆ ఇంట్లో రాయరు, ఉన్నచోట రాయాలి. చేను గట్టు గుడారం దగ్గరికి గణకుడు పోకపోతే ఆ కుటుంబం ఎక్కడా ఉండదు. మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు ఒక పీహెచ్‌సీ అన్న కొలమానం మీద ఆసుపత్రులు నిలబడే దేశంలో, లెక్కలో లేకపోవడమంటే మందుల్లో, డాక్టర్లలో వాటా లేకపోవడమే.

చేయవలసినవి

మొదటిది, రోగి వెంట డబ్బు నడవాలి. థాయిలాండ్ ఈ పని చేసి చూపింది. మయన్మార్, కంబోడియా, లావోస్‌ల నుంచి వచ్చిన కూలీలకు, 2013 నుంచి కాగితాలు లేనివాళ్లతో సహా, ఏడాదికి ఇంతని రుసుము కడితే ఆరోగ్య కార్డు ఇస్తోంది. ఆ డబ్బు ఆసుపత్రికి చేరుతుంది. బయటి రోగి వస్తే ఆసుపత్రికి నష్టం లేకపోతే, డాక్టరుకు అతన్ని తిప్పిపంపాలన్న ఆలోచనే రాదు. మనకూ నమూనాలున్నాయి. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య రేషన్ కార్డు పరస్పరం చెల్లుబాటు కావడం మొదలైంది. అదే ఏడాది నవంబరు నుంచి ఆరోగ్యశ్రీని హైదరాబాదు, బెంగళూరు, చెన్నై ఆసుపత్రులకు విస్తరించారు. బియ్యం రాష్ట్రం దాటగలిగినప్పుడు వైద్యం ఖర్చు కూడా దాటగలదు. కర్నూలు, రాయచూరు, బళ్లారి, గద్వాల ప్రభుత్వ ఆసుపత్రుల మధ్య మూడు రాష్ట్రాలు ఒక ఒప్పందం చేసుకుని, ఏటా లెక్కలు చూసుకుని, బాకీ తీర్చుకుంటే చాలు.

రెండోది, సుగ్గిని లెక్కలోకి తేవాలి. దసరాకు ముందే ప్రతి గ్రామ సచివాలయంలో ఎవరు ఎక్కడికి పోతున్నారో రాసుకుని, గర్భిణుల, క్షయ రోగుల, టీకాలు పడాల్సిన పిల్లల జాబితాను అక్కడి మండలానికి పంపాలి. చేరే చోట పీహెచ్‌సీకి ఆ నాలుగు నెలలకు అదనపు మందులు, మిరప చేల చుట్టూ తిరిగే వైద్య వాహనం కావాలి. రాష్ట్రంలోపలి వలసకు కూడా కాంట్రాక్టరు బాధ్యతను చట్టంలో రాయాలి. మిరప వ్యాపారంతో గుంటూరు యార్డుకు ఏటా సెస్సు వస్తోంది. ఆ మిరప కోసిన చేతులకు వైద్యం చేయించడానికి అందులో కొంత కేటాయించడం న్యాయం.

మూడోది, ఆసుపత్రి వేరు, పోలీసు వేరు అన్న నమ్మకం కలగాలి. వైద్యం కోసం వచ్చినవాళ్ల వివరాలు వలస అధికారులకు పోవని చెప్పగలగాలి. కువైట్‌లో ఉన్న మన చెల్లెలికి ఏ భరోసా కోరుకుంటామో, బాలాపూర్‌లో ఉన్న ఆడమనిషికి అదే ఇవ్వాలి.

నాలుగోది, ఇంటి దగ్గరి ఆసుపత్రి బలపడాలి. ఆదోని వైద్య కళాశాలకు 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. 2025లో దాన్ని ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని నిర్ణయించారు. ఏ పద్ధతిలో పూర్తిచేసినా, కోసిగి కూలీకి డబ్బు లేకుండా మంచం దొరికితేనే అది ఈ ప్రాంతపు ఆసుపత్రి అవుతుంది. ఇక్కడ వైద్యం ఉంటే హైదరాబాదు దారిలో అంబులెన్సులు తగ్గుతాయి, పుల్లూరులో ఆపాలన్న ఆలోచన పుట్టే అవకాశమూ తగ్గుతుంది.

సరిహద్దులు కాపాడుకోవడం ప్రభుత్వాల హక్కు. ఎవరు ఉండాలి, ఎవరు తిరిగిపోవాలి అన్నది చట్టసభలు, కోర్టులు, దౌత్య కార్యాలయాలు తేల్చుకోవాలి. ఆ వివాదాన్ని జ్వరంతో వచ్చిన మనిషి మీద, నొప్పులతో వచ్చిన తల్లి మీద తీర్చుకుంటే వివాదమూ తెగదు, ఖర్చూ తగ్గదు. ఏటా వేల ఇళ్లకు తాళాలు వేసుకుని పరాయి చేలకు పోయే పశ్చిమ కర్నూలు ఈ మాట అందరికంటే ముందుగా, అందరికంటే గట్టిగా అడగాలి. తన బిడ్డలకు గుంటూరులో, రాయచూరులో, కువైట్‌లో వైద్యం హక్కుగా కోరుతూ, కర్నూలుకు వచ్చిన బయటి రోగికి కూడా అదే హక్కు ఉందని ఒప్పుకోవాలి.